తాతగారి తుపాకీ మీద నగిషీ చేయించాలంటే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కొంచెం చేపల చెరువు ఉన్నాయి. మా తాతగారు కొన్న ఇంగ్లండు తయారీ పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పుడు నాన్నగారి పేరున లైసెన్సులో ఉంది. వచ్చే మాఘంలో నాన్నగారికి 75 ఏళ్లు నిండుతాయి. ఆ తుపాకీ ఇనుప భాగం మీద మా ఇంటిపేరు, తాతగారి ముఖం, అంతర్వేది నరసింహస్వామి, కొల్లేరు బాతులు బంగారంతో చెక్కించి, ఆయనకు తెలియకుండా సిద్ధం చేసి ఇద్దామని నా ఆశ. డల్లాస్‌లో ఉన్న మా బావ ఇటలీ, అమెరికా తుపాకుల ఫొటోలు పంపాడు. చూస్తే మతిపోయింది. మా టౌన్లో లేజర్ మిషన్ ఉన్న బంగారం పనాయన రెండు రోజుల్లో చేసేస్తానన్నారు. కాకపోతే చోటు చాలదట. ఇప్పుడున్న ఇంగ్లీషు అక్షరాలు, చిన్న చిన్న పువ్వులు ఆకురాయితో రాసేసి నున్నగా చేయాలట. ఇవ్వమంటారా? అసలు ఇలాంటి పని ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, మనం ఏం అడగాలి? తుపాకీని బావ దగ్గరికి పంపి అక్కడ చేయించవచ్చా?
— ఒక పాఠకుడు, కోనసీమ

సమాధానం:

బాబూ, తుపాకీ ఇంకా ఇంట్లోనే ఉంటే అక్కడే ఉండనివ్వండి. లేజర్ మిషన్ ఆయన చేతికి మాత్రం ఇవ్వకండి. ఆయన మంచివారే అయి ఉండొచ్చు, నగల పనిలో దిట్ట కూడా కావచ్చు. కానీ ఆకురాయి పెడతానన్నారంటే ఈ వస్తువు సంగతి ఆయనకు తెలియదని అర్థమైపోయింది. మీ కోరిక తీరే దారి ఉంది. అది మీరు అనుకున్న చోటు నుంచి కాకుండా కొంచెం పక్కనుంచి వెళ్తుంది.

ఆయన రాసేస్తానన్న ఆ ఇంగ్లీషు అక్షరాలు ఏమిటో ఒకసారి చూడండి. చాలావరకు అది తయారీదారు పేరు, ఊరి పేరు అయి ఉంటుంది. గొట్టాలు విప్పి చూస్తే అడుగున చదునుగా ఉన్న చోట కిరీటం లాంటి చిన్న ముద్రలు, అంకెలు కనిపిస్తాయి. అవి లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఎక్కువ మందు కూరి కాల్చి, గొట్టం తట్టుకుందని తేల్చి వేసిన పరీక్ష ముద్రలు. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813 నుంచి ఈ పని చేస్తోంది. వీటికి తోడు తుపాకీ నంబరు ఉంటుంది. నాన్నగారి లైసెన్సు పుస్తకంలో రాసి ఉన్నది ఆ నంబరే. మన ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 8 ఉంది. తుపాకీ మీద ముద్రించిన పేరు గానీ, నంబరు గానీ, మరే గుర్తింపు గుర్తు గానీ ఎవరూ చెరపకూడదు, తీసేయకూడదు, మార్చకూడదు అని అది చెబుతుంది. ఆ సెక్షన్లోనే ఇంకో మాట కూడా ఉంది. గుర్తులు చెరిగిపోయిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, చెరిపింది వారేనని ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకోవలసిన భారం వారిదే. అంటే టౌన్లో ఎవరో ఆకురాయి పెడితే, జవాబు చెప్పుకోవలసింది 75 ఏళ్ల మీ నాన్నగారు. పుట్టినరోజు కానుకగా ఆయనకు ఇది ఇస్తామా?

ఇక ఆయనకు తెలియకుండా చేయించే సంగతి. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది కాబట్టి, తుపాకీ ఆయన దగ్గరే ఉండాలి. మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో వేరేవాళ్లు పట్టుకెళ్లాలంటే ఆయన పక్కన ఉండాలి, లేదా ఆయన రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చట్టంలో సెక్షన్ 3 ఈ వెసులుబాటు ఇచ్చింది. మీరు కొడుకే అయినా, బీరువా తాళం మీ దగ్గరే ఉన్నా, చెప్పకుండా తీసుకెళ్లడం కుదరదు. ఇక లైసెన్సు లేని పనాయన దగ్గర రెండు రోజులు వదిలిపెడితే, ఆ రెండు రోజులూ ఆయన లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నట్టే. తుపాకుల మరమ్మతు వ్యాపారం చేయడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలి. అందుకని తుపాకీ మీద ఏ పనైనా లైసెన్సున్న డీలర్ లేదా మరమ్మతుదారు ద్వారానే జరగాలి. ఆయన తన రిజిస్టర్‌లో రాసుకుంటారు, మీకు నంబరు వేసిన రసీదు ఇస్తారు. మీకు దగ్గరలో అలాంటివారు ఎవరున్నారో అమలాపురం కలెక్టరేట్లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్లో అడిగితే చెబుతారు.

తెలియకుండా కానుక ఇవ్వాలన్న మీ సరదా మాత్రం వృథా పోనక్కర్లేదు. దానికి ఒక ఉపాయం ఉంది, కాసేపట్లో చెబుతాను. ముందు ఆ ఫొటోల్లో మీకు మతిపోగొట్టిన పని ఎలా జరుగుతుందో తెలియాలి. అది తెలిస్తే మీ తుపాకీ మీద ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది.

పెళ్లిలో స్టీలు గిన్నెల మీద పేర్లు వేసే కరెంటు పెన్ను మీరు చూసే ఉంటారు. టకటకా కొట్టుకుంటూ చుక్కలు వేసుకుపోతుంది. చాలామంది తుపాకీ నగిషీ కూడా అలాంటిదే అనుకుంటారు. అసలు పనిలో లోహాన్ని గీకరు, కోస్తారు. చేతిలో ఉండేది చిన్న ఉలి. హైస్పీడ్ స్టీలుతో గానీ టంగ్‌స్టన్ కార్బైడ్‌తో గానీ చేసిన సన్నటి కడ్డీ, దాని ముఖం ఏటవాలుగా సాన పట్టి ఉంటుంది. దాన్ని ఇనుము మీద ఆనించి ముందుకు నెడితే సన్నటి చుట్టలాగా పొట్టు లేస్తుంది, అడుగున కోసుగా గాడి పడుతుంది. ఉలిని కొంచెం పక్కకు వాల్చితే గాడి వెడల్పవుతుంది, నిలబెడితే సన్నబడుతుంది. ఒకే గీత సన్నగా మొదలై, నడుము దగ్గర లావై, మళ్లీ వెంట్రుకలా ముగుస్తుంది. గాడి గోడలు నున్నగా ఉండి వెలుగును అద్దంలా తిప్పికొడతాయి. తుపాకీని కొంచెం తిప్పితే ఆకులు కదిలినట్టు అనిపించేది అందుకే. లేజర్ గీతను భూతద్దంలో చూడండి. వెడల్పు అంతటా ఒక్కటే, అడుగు మసకగా, గరుకుగా ఉంటుంది. చేతిపనా, మిషన్ పనా అని తేల్చడానికి పది రెట్లు చూపించే చిన్న భూతద్దం చాలు.

ఉలిని నడిపే పద్ధతులు మూడు. కొందరు చిన్న సుత్తితో కొడుతూ నడుపుతారు, లోతైన పనికి ఇది బాగుంటుంది. కొందరు పిడిని అరచేతిలో పెట్టుకుని ఒట్టి చేతి బలంతో నెడతారు. ఇప్పుడు చాలామంది గాలితో నడిచే చేతిపనిముట్టు వాడుతున్నారు. కంప్రెసర్ గాలికి లోపల చిన్న పిస్టన్ కొట్టుకుంటుంది, కాలి కింద పెడల్‌తో దాని జోరు పెంచుతారు, తగ్గిస్తారు. పనిముట్టు ఏదైనా గీత ఎటు తిరగాలో చెప్పేది చెయ్యే. వస్తువును బంతిలా గుండ్రంగా ఉండి ఎటుపడితే అటు తిరిగే బరువైన వైస్‌లో బిగిస్తారు. వంపు గీత కోసేటప్పుడు ఒక చేయి ఉలిని నెడుతూ ఉంటే, రెండో చేయి వైస్‌ను ఉలికి ఎదురుగా తిప్పుతూ ఉంటుంది. పైన మైక్రోస్కోపు ఉంటుంది.

తీగచుట్టు పని ఎలా పెరుగుతుందో చూడటం నాకు ఎప్పుడూ ఇష్టం. ముందు ఇనుము మీద తెల్లరంగు పూసి పెన్సిల్‌తో గీస్తారు. మొదట తీగకు వెన్నెముక లాంటి చుట్టు కోస్తారు. అది పిసరంత వంకరపోయినా తర్వాత ఎంత అందం అద్దినా కంటికి ఏదో తేడాగానే ఉంటుంది. ఆ చుట్టు లోపల ఆకులు వేస్తారు. తర్వాత ఆకుల మధ్య ఖాళీని కాస్త లోతుకు తీసి, సన్నటి పంచ్‌తో చుక్కలు కొట్టి నల్లబరుస్తారు. చివర ఆకుల మీద నీడ గీతలు వస్తాయి, అక్కడ ప్రాణం వస్తుంది. మన పాత గుళ్ల ద్వారబంధాల మీద రాతిలో పాకిన తీగను గుర్తు తెచ్చుకోండి. దాని నడక కూడా ఇదే.

ఊరిని బట్టి చేతివాటం మారుతుంది. ఇంగ్లండులో పర్డీ వారి తుపాకుల మీద గులాబీలు, వాటి చుట్టూ చిన్న చిన్న తీగచుట్లు దట్టంగా ఉంటాయి. జర్మన్, ఆస్ట్రియా పనివాళ్లు, ముఖ్యంగా ఫెర్లాక్ వైపు వాళ్లు, ఓక్ ఆకులు, జింకలు ఉబ్బెత్తుగా వచ్చేలా లోతుగా చెక్కుతారు. బెల్జియంలో లియేజ్ పాత కేంద్రం. మీ బావ పంపినవాటిలో ఫొటో లాంటి పక్షులు, వేటకుక్కలు ఉన్నది బహుశా ఇటలీ పనే. బ్రెషియా దగ్గర గార్డోనే వాల్ ట్రోంపియా అనే లోయలో ఈ కళ పండింది. దాన్ని బులీనో అంటారు. ఒట్టి చేతి ఒత్తిడితో, వేలాది చుక్కలు, వెంట్రుక గీతలతో నీడలు దింపుతారు. అందం చెప్పనలవి కాదు. కానీ లోతు చాలా తక్కువ. నాలుగుసార్లు గట్టిగా పాలిష్ చేస్తే బొమ్మ పోతుంది.

బంగారం పొదగడం వేరే విద్య. ఇనుములో గాడి తవ్వి, దాని గోడల్ని లోపలికి, అంటే పైన ఇరుకు అడుగున వెడల్పు వచ్చేలా కోస్తారు. అడుగున చిన్న చిన్న పళ్లు లేపుతారు. అందులో 24 క్యారెట్ల మెత్తటి బంగారు తీగ పెట్టి పంచ్‌తో కొడితే, అది గోడల కిందికి పాకి పళ్లలో చిక్కుకుంటుంది. అతుకు ఉండదు, టంకం ఉండదు. నగల బంగారంలా రాగి కలిపితే గట్టిపడి అలా పాకదు, అందుకే స్వచ్ఛమైనదే కావాలి. మన దేశంలో ఉదయపూర్ వైపు కోఫ్త్‌గరీ అనే పద్ధతి ఉంది. అక్కడ ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీకి, ఆ గరుకు మీద తీగ పరిచి కొడతారు. కత్తుల పిడులు, డాళ్లు అలా చేసినవే. బీదర్ పనివాళ్లు జింకు, రాగి కలిపిన లోహంలో గాడి తవ్వి వెండి కొడతారు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంకు ఎప్పుడైనా వెళ్తే ఆయుధాల గది దగ్గర తొందరపడకండి. బంగారం ఎంత తక్కువ వాడితే అంత బాగుంటుందని అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంత పనీ ఎప్పుడు చేస్తారో తెలుసా? తుపాకీ పుట్టకముందే. భాగాలు తయారై, ఒకదానితో ఒకటి సరిగ్గా అమరి, ఇంకా రంగు వేయక తెల్లటి ఇనుముగా ఉన్నప్పుడు నగిషీ చేస్తారు. ఆ తర్వాతే గట్టిపరచడం, రంగు తేవడం. మీ తుపాకీలాంటి పాత ఇంగ్లీషువాటిలో యాక్షన్, అంటే గొట్టాలు వచ్చి కూర్చునే ఇనుప దిమ్మ, మెత్తటి ఇనుముతో చేసి ఉంటుంది. దాన్ని ఎముకల బొగ్గులో పూడ్చి ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. పైన పలచటి పొరలోకి కార్బన్ దిగి ఆకురాయిలా గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఆ పొర మీదే నీలం, గోధుమ, ఎండుగడ్డి రంగులు మబ్బుల్లా వస్తాయి. మీ తాతగారి తుపాకీ మీద ట్రిగ్గర్ గార్డ్ పక్కన, చేయి తగలని మూలల్లో చూడండి. ఆ రంగులు కాస్త మిగిలి ఉండొచ్చు.

ఆ గట్టి పొర మీద మామూలు ఉలి జారిపోతుంది, లేదా మొన విరుగుతుంది. సరిగ్గా కోయాలంటే యాక్షన్‌ను మళ్లీ కాల్చి మెత్తబరచాలి, చెక్కాక మళ్లీ గట్టిపరచాలి. అలా రెండుసార్లు నిప్పుకు పెడితే ఇనుము కొంచెమైనా వంగే ప్రమాదం ఉంది. గొట్టాలకీ యాక్షన్‌కీ మధ్య కాగితం కూడా పట్టనంత బిగువుగా అమరి ఉన్న జోడు అది. అది వంగితే తుపాకీ చూడటానికే తప్ప పేల్చడానికి పనికిరాదు. పాత రంగులు మాత్రం ఖాయంగా పోతాయి, ఎవరూ తిరిగి తేలేరు. ఇక గొట్టాల మీద లోతుగా చెక్కడమంటారా, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. మందు పేలినప్పుడు ఒత్తిడి మోసేది ఆ పలచటి గోడే.

ఇంకొకటి. ఆ "చిన్న చిన్న పువ్వులు" ఎవరో ఒక ఇంగ్లీషు పనివాడు దశాబ్దాల కిందట చేత్తో కోసినవి అయి ఉండొచ్చు. వాటిని రాసేసి లేజర్ బొమ్మ వేస్తే తుపాకీ విలువ పడిపోతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టండి. మీ తాతగారి బొటనవేలు ఇన్నేళ్లు ఆనిన నగిషీ అది. తాతగారి ముఖం వేయడానికి తాతగారి చేతి అరుగుదలను చెరిపేస్తామా?

కాబట్టి నా సలహా ఇది. ఇనుమును ముట్టుకోవద్దు. కర్ర వైపు రండి.

రేపు నాన్నగారి ముందే, తూటాలు లేవని చూసుకుని, తుపాకీ కర్ర అడుగు భాగం చూడండి. భుజానికి ఆనించే చివర నుంచి కొన్ని అంగుళాల ముందుకు, కింది అంచు మీద, బొటనవేలి గోరంత కోలగా వెండి గానీ ఇత్తడి గానీ బంగారం గానీ బిళ్ల పొదిగి ఉందా? ఇంగ్లీషు తుపాకులకు చాలావాటికి ఉంటుంది. యజమాని పేరు పొడి అక్షరాలు చెక్కించుకోవడానికే దాన్ని పెట్టేవారు. చాలామంది ఏమీ చెక్కించుకోలేదు కాబట్టి ఖాళీగానే ఉంటుంది. ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. లేకపోతే కొత్తది పెట్టించవచ్చు.

నేను చెప్పిన ఉపాయం ఇదే. ఆ బిళ్ల తుపాకీ భాగమే కాదు, ఒట్టి వెండి ముక్క. దాన్ని ఎవరి దగ్గరైనా, ఎక్కడైనా చెక్కించవచ్చు, లైసెన్సుతో పని లేదు, నాన్నగారికి తెలియనక్కర్లేదు. మీ టౌన్లో ఉలి పట్టగల మంచి స్వర్ణకారుడి చేత చేయించండి. పుట్టినరోజు నాడు చిన్న డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఆ తర్వాత మీరూ ఆయనా కలిసి లైసెన్సు పుస్తకంతో మరమ్మతుదారు దగ్గరికి వెళ్లి కర్రలో పొదిగించండి. కొలతకు సరిపడా గాడి తవ్వి బిళ్ల కూర్చోబెట్టడం కర్రపని తెలిసినవారికి కష్టం కాదు. ఇప్పటికే బిళ్ల ఉంటే పాతది ఊడదీయించే ముందు ఆలోచించండి. దాని మీదే చెక్కించాలనుకుంటే మరమ్మతుదారు దుకాణంలో, ఆయన కళ్లముందు, బిళ్ల ఊడదీసి చెక్కించి మళ్లీ పెట్టించడం మేలు.

వెండి స్వచ్ఛమైనది వద్దు, మరీ మెత్తగా ఉండి తొందరగా అరిగిపోతుంది. 92.5 శాతం వెండి, మిగతాది రాగి ఉన్నది తీసుకోండి. మందం ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదు. కర్ర అడుగున వంపు ఉంటుంది కాబట్టి బిళ్లకూ ఆ వంపు రావాలి. వంచడం ముందు, చెక్కడం తర్వాత. వంపు కోసం కర్ర అడుగున మైనం గానీ గోధుమపిండి ముద్ద గానీ నొక్కి అచ్చు తీస్తే చాలు. ఇది కూడా నాన్నగారు ఉన్నప్పుడే చేయండి, ఏదో మరకలు తుడుస్తున్నానని చెప్పండి.

అంత చిన్న చోట ఏం చెక్కించాలి? మీ జాబితా చాలా పెద్దది బాబూ. ముఖం, దేవుడు, బాతులు, ఇంటిపేరు అన్నీ ఒకేచోట ఉంటే ఏదీ కనబడదు. నరసింహస్వామిని ఇందులోకి తేవద్దని నా మనవి. తుపాకీని చంకలో పెట్టుకుంటాం, నేల మీద ఆనిస్తాం, మూల నిలబెడతాం. దసరాకు ఆయుధపూజలో బొట్టు పెట్టుకుంటాం కదా, అది చాలు. తాతగారి ముఖం బులీనో పనివాడికి సాధ్యం, మన స్వర్ణకారుడు గోరంత చోట చేస్తే ఎవరి ముఖమో తెలియదు. అలా వస్తే మీకు బాధ మిగులుతుంది.

పొడి అక్షరాలు చెక్కించండి. తెలుగులో. తాతగారి పేరులో మొదటి అక్షరం, నాన్నగారి పేరులో మొదటి అక్షరం, తర్వాత కావాలంటే మీది. మన అక్షరాల గుండ్రదనం ఉలికి బాగా నప్పుతుంది, వెండి మీద ఒక్క చేతివిసురులో తిరుగుతుంది. ఒత్తులున్న అక్షరాలు మాత్రం చిన్న సైజులో కలిసిపోయి నల్లటి చుక్కలా అవుతాయి, వాటిని తప్పించండి. ఒక్కో అక్షరం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. చుట్టూ గట్టు గీత ఒకటి, లేదా వరి కంకి ఒక్కటి వంగినట్టు. ఇంకేమీ వద్దు.

కొల్లేరు పక్షుల మీద మనసు ఉంటే దానికి వేరే చోటు ఉంది. తుపాకీ దాచే చెక్కపెట్టె మూత మీద ఇత్తడి పలక పెట్టించండి. అక్కడ చోటుకు కరువు లేదు, చట్టం అడ్డు లేదు. తణుకు వైపు అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు, రేకు అక్కడే దొరుకుతుంది. తాతగారు పరజల్నీ ఉల్లంకి పిట్టల్నీ వేటాడిన రోజులు వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, కొల్లేరు 1999లో అభయారణ్యం అయ్యాక అక్కడ తుపాకీ మాటే లేదు. అందుకే పక్షి పడిపోతున్న బొమ్మ వేయించకండి. కొల్లేరులో పక్షులు చేరే ఆటపాక వెళ్లి గూడబాతు రెక్క చాపి దిగుతున్నప్పుడు పక్కనుంచి ఫొటో తీయండి. పనివాడికి ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ కంటే మీరు తీసిన ఫొటో నయం, ఎందుకంటే ఈక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయన మిమ్మల్ని అడగవచ్చు.

పని ఎవరికిచ్చినా కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. అసలు సైజులో కాగితం మీద గీసి ఇవ్వమనండి. పెద్దగా గీసి "చిన్నది చేస్తాం లెండి" అంటే ఒప్పుకోకండి. పెద్ద సైజులో బాగున్న గీతలు చిన్నదయ్యాక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఆ బొమ్మ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ముందు రాగి రేకు మీద ఒకటి కోసి చూపించమనండి, దానికి విడిగా డబ్బివ్వండి. చేయి జారితే ఏం చేస్తారని అడగండి. చిన్న జారుడు గీత అయితే నున్నటి ఉక్కు మొనతో ఒత్తి సరిచేస్తారు, లోతుగా పడితే కొత్త బిళ్లే. వెండి కాబట్టి ఆ వీలుంది, తాతగారి యాక్షన్ మీద లేదు. పని అయ్యాక గాడుల్లో సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీసి ఇవ్వమనండి. జర్మనీ నుంచి న్యూయార్క్ వెళ్లి కోల్ట్, వించెస్టర్ తుపాకులకు నగిషీ చేసిన నిమ్ష్కే అనే ఆయన తాను చెక్కినవాటి అచ్చులు అలా ఒక పుస్తకంలో అంటించి పెట్టుకున్నాడు. ఆయన పోయింది 1904లో. ఆయన చేతివాటాన్ని ఈనాటికీ గుర్తుపట్టగలుగుతున్నారంటే ఆ కాగితాల సాయం చాలా ఉంది. మీ ఇంట్లోనూ ఆ కాగితం ఉండాలి. పని కోసం తుపాకీ మరమ్మతుదారు దగ్గర వదిలే ముందు నంబరు, ముద్రలు, పాత నగిషీ అన్నీ కనిపించేలా ఫొటోలు తీసుకోండి. స్క్రూలు మాత్రం మీరు విప్పకండి. వాటి గాళ్లు సన్నగా ఉంటాయి, బజారు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే అంచులు చితికిపోతాయి.

బావ దగ్గరికి పంపే ఆలోచన వదిలేయండి. తుపాకీ దేశం దాటాలంటే ఎగుమతికి అనుమతి, అక్కడ దిగుమతికి అనుమతి, మళ్లీ వెనక్కి తేవడానికి ఇంకో అనుమతి కావాలి. విదేశీ తుపాకుల దిగుమతి మన దేశంలో సామాన్యులకు దశాబ్దాలుగా మూసుకుపోయిన దారి, వెళ్లింది తిరిగి వస్తుందన్న భరోసా లేదు. అమెరికాలో కూడా తుపాకీ నగిషీని వ్యాపారంగా చేసేవారికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. బావగారు సరదాపడితే తన తుపాకీకి అక్కడే చేయించుకోవచ్చు. ఆయన ఫొటోల్లో ఉన్న పని సాధారణంగా నెలలు, ఒక్కోసారి సంవత్సరం పైన పడుతుందని చెప్పండి. రెండు రోజుల్లో అవుతుందన్న మాట ఎక్కడైనా అనుమానించవలసిందే.

మీరు అడగకపోయినా రెండు సంగతులు చెప్పాలి. నాన్నగారికి 70 దాటింది కాబట్టి, ఆయుధాల నియమాలు 2016 ప్రకారం ఆయన ఉండగానే వారసుడిగా మిమ్మల్ని చూపించి తుపాకీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోలీసు విచారణ ఉంటుంది, కలెక్టర్ గారు ఒప్పుకోవాలి. ఆయన మనసులో ఏముందో పుట్టినరోజు అయ్యాక నిదానంగా అడగండి. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేయమనవచ్చు, బిళ్ల పొదిగించే తేదీ అది చూసుకుని పెట్టుకోండి.

రెండోది తుప్పు. మీకు సముద్రం దగ్గర. ఆ ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకు ఎంత మంచి ఇనుమైనా లొంగుతుంది. నగిషీ గాళ్లలో తేమ చేరితే తుడిచినా పోదు. బావ ఫొటోల్లో వెండిలా తెల్లగా మెరిసే యాక్షన్లు ఉన్నాయి చూశారా, వాటి మీద రక్షణగా ఏ రంగూ ఉండదు, మన కోనసీమలో ఒక్క ఆషాఢం గడిచేసరికి ఎర్రబడతాయి. మీ తుపాకీ పట్టుకున్న ప్రతిసారీ పలచటి తుపాకీ నూనెతో మెత్తటి పాత పంచె ముక్క పెట్టి తుడవండి. నగిషీ మీద మెత్తటి బ్రష్‌తో నూనె అద్ది, ఎక్కువైనది తీసేయండి. తోలు సంచిలో, గుడ్డ తొడుగులో నెలల తరబడి ఉంచకండి, చెమ్మ పీల్చుకుని లోపలే పట్టుకుంటాయి. ఆయుధపూజ బొట్టు ఆ సాయంత్రమే తడిగుడ్డతో తీసి, ఆరబెట్టి, నూనె రాయండి. వెండి బిళ్ల నల్లబడితే కంగారుపడకండి, పళ్లపొడితో రుద్దకండి. గాళ్లలో ఆ నలుపు ఉంటేనే అక్షరం కనిపిస్తుంది.

ఖర్చు అంటారా, వెండి బిళ్లకు వెండి ధర కంటే చేతి కూలే ఎక్కువ అవుతుంది. అలా అయితేనే పని బాగుందని లెక్క. మాఘానికి ఇంకా టైముంది, కార్తీకం లోపల బొమ్మ గీయించేయండి. కర్ర అడుగున బిళ్ల ఉందో లేదో చూసి, ఒక ఫొటో తీసి నాకు మళ్లీ రాయండి. బిళ్ల ఉంటే దాని పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో చెప్పండి. అక్షరాలు ఎంత పెద్దవి పడతాయో కాగితం మీద గీసి పంపుతాను.